పేజీ వెనక బాపు పేరు

హుజూర్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో ఒక నియమం ఉంది. వెబ్ పేజీ సోర్స్ చూడమని నొక్కితే అది ఏ ఎడిటర్‌లో తెరుచుకోవాలన్నది ఎవరూ మార్చకూడదు. నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకోవాలి. అది నేను పెట్టిన నియమమే, దానికి నేనెప్పుడూ కారణం చెప్పలేదు. మొన్న ఒక అమ్మాయి తన సిస్టంలో దాన్ని మార్చేసి రంగురంగుల ఎడిటర్ ఒకటి పెట్టుకుంది. ట్యాగులు నీలంగా, మాటలు ఎర్రగా, వరుసకు వరుస విడివిడిగా, చూడటానికి ముచ్చటగానే ఉంది. పనికి కూడా అదే సులువు, ఆ సంగతి నాకు తెలియక కాదు. నేను ఆ అమ్మాయిని పక్కకు జరగమని చెప్పి, సెట్టింగుల్లోకి పోయి మళ్లీ నోట్‌ప్యాడ్ పెట్టాను. “ఎందుకు మేడం? గిది మంచిగుండె గదా” అంది. నేను పక్క సిస్టంలో కూడా నోట్‌ప్యాడే ఉందో లేదో చూడటానికి పోయాను. ఆ అమ్మాయికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము కొత్తకోటలో బస్టాండు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న, అంటే బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, నేను. మేము దొరలం. ఈ మాట ఇప్పుడు చెప్పుకుంటే వినేవాళ్లు నవ్వుతారు, చెప్పుకోకపోతే నేను అబద్ధమాడినట్టవుతుంది. మా ఊళ్లో కోటలాంటి మా గడి ఉండేది. దాని పైకప్పు మా తాత బతికుండగానే కూలింది, రాళ్లు ఎవరికి అవసరమైతే వాళ్లు పట్టుకుపోయారు, మేము ఆపలేదు. భూములు ఎట్లా పోయాయో ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడకపోవడం మా ఇంటి పద్ధతి. ఇంకో పద్ధతి, గోడకు ఆనుకొని కూర్చోకపోవడం. అవ్వ నులక మంచం మీద కూర్చున్నా వెన్ను కొయ్యలా నిలబెట్టి కూర్చునేది. నేను చదువుకుంటూ కాస్త వెనక్కి వాలితే చాలు, “గోడ పడిపోతాంది పట్టుకున్నవా బిడ్డా?” అనేది. నేను ఈ రోజుకీ ఆనుకొని కూర్చోలేను. బస్సులో కూడా సీటు అంచున కూర్చుంటాను.

పొద్దున్నే అవ్వ లేచి వాకిట్లో చాన్పి చల్లేది. ఆ తడి పేడ వాసన, వెంట సాంబ్రాణి పొగ, ఆ తర్వాత అమ్మ పొయ్యి మీద మాడ్చిన ఎండుమిర్చి ఘాటు. ఆ వరుస ఏనాడూ తప్పేది కాదు. బాపుకు రెండు తెల్ల చొక్కాలు ఉండేవి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొని సేటు పల్లీల దుకాణానికి లెక్కలు రాయడానికి వెళ్లేవాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన బట్టలన్నీ పల్లి పొట్టు వాసన వేసేవి. అడిగినవాళ్లకు అవ్వ మాత్రం, “మా రంగడు సేటు దగ్గర దివాను” అని చెప్పేది. నవ్వకుండా చెప్పేది. ఎదుటివాళ్లు కూడా నవ్వేవాళ్లు కాదు, అది అవ్వ ముఖం మహిమ.

మా ఇంట్లో మిగిలిన ఆస్తి అంటే ఇత్తడి సామాను. ప్రతి బిందె మీద, ప్రతి చెంబు మీద, చివరకు ఉప్పు వేసుకునే గిన్నె మీద కూడా మా తాత పూర్తి పేరు, ఊరు, దేశ్‌ముఖ్ అన్న బిరుదుతో సహా చెక్కించి ఉండేది. అందరి ఇళ్లలోనూ గిన్నెల మీద పేర్లుంటాయి. మా ఇంట్లో మాత్రం గిన్నె చిన్నదైనా పేరు కురచ కాలేదు, అక్షరాలే సన్నబడ్డాయి. నా డిగ్రీ చదువు కోసం బాపు పాత కంప్యూటర్ ఒకటి కొన్నప్పుడు పాలమూరు నుంచి వచ్చిన మెకానిక్ అన్నీ ఎక్కించి, “సార్, పేరు అడుగుతాంది. ఏం కొట్టమంటరు?” అన్నాడు. బాపు నోరు తెరిచేలోపే అవ్వ మంచం మీద నుంచి పూర్తి పేరు చెప్పింది. ఇంటి పేరు, వెంకట రంగారావు, దేశ్‌ముఖ్, ఆఖరున ఊరు. “గంత పొడుగు పేరెందుకమ్మా, రంగారావు అంటే సరిపోదా?” అన్నాడు మెకానిక్. “నీకు కొట్టుడు కష్టమైతే చెప్పు, ఇంకొకని పిలుస్తం” అంది అవ్వ. అతను నవ్వుతూ అంతా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. ఆ పేరు ఆ యంత్రంలో ఎక్కడెక్కడికి పోయి కూర్చుంటుందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే మా ఊరి వాగులో ఇసుక తియ్యడం మొదలైంది. మొదట ట్రాక్టర్లు, తర్వాత లారీలు. వాగు నుంచి హైవే దాకా మట్టిబాట పడింది, ఎక్కిన లారీ ఎక్కినట్టు హైదరాబాదు పోయేది. నా చిన్నప్పుడు ఎండాకాలంలో కూడా వాగులో చేత్తో చెలిమె తోడితే నీళ్లు ఊరేవి. ఆ ఇసుక పోయాక ఒడ్డు బావులు ఒకటొకటిగా ఎండిపోయాయి. ఇసుక కాంట్రాక్టు నడిపేది ఎవరో పరాయివాడు కాదు. రాఘవరావు, మా పాలివాడు, బాపుకు చిన్నాయిన కొడుకు, నాకు వరుసకు చిన్నాయిన. ఆయనా మేమూ ఒకే గడిలోంచి వచ్చినవాళ్లం. మేము కింద పడ్డచోటే ఉండిపోయాం, ఆయన లేచాడు. ఎట్లా లేచాడో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అడ్డం మాట్లాడిన ఒకాయన పల్లి కుప్ప కాలిపోయింది. అగ్గి ఎట్లా పడిందో ఎవరూ చూడలేదన్నారు.

బాపు స్కూటర్ మీద తెల్లవారుతూనే ఊరికి పోయి ఒడ్డు మీది తుమ్మచెట్ల మాటు నుంచి ఫోటోలు తీసేవాడు. లారీలు, గుంతలు, ఎండిన బావులు. వాటిని పెట్టడానికి ఒక వెబ్ పేజీ కావాలని బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే రషీద్‌ను అడిగాడు. రషీద్‌కు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో, నోరు ఊరుకునేది కాదు. “వాట్సాప్ల పెట్టుండ్రి పటేల్ సాబ్, ఊరంతా చూస్తది. పేజీ ఎందుకు, ఫికర్ ఎందుకు?” అన్నాడు. బాపు, “వాట్సాప్ల నెంబరు కనబడుతది రషీద్. పేజీకైతే మొఖముండదు” అన్నాడు. భయం గురించి మా బాపు నోటి నుంచి నేను విన్న మాట అదొక్కటే, అది కూడా ఆయన భయమన్నట్టు చెప్పలేదు.

రషీద్ నెట్‌లో ఎక్కడో డబ్బు కట్టకుండా దొరికే జాగా చూసి పేజీ తయారు చేసిచ్చాడు. దాన్ని మార్చడం బాపుకు మా ఇంట్లోనే కూర్చొని నేర్పాడు. “చూడుండ్రి సాబ్, గద్వాల చీర ముందర చూస్తే పువ్వు, తిప్పి చూస్తే దారాలు. పేజీ కూడ గంతే. వెనక దిక్కు చూడాలంటే గీడ సోర్స్ అని నొక్కాలె. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటది. దాంట్ల మీ మాటలు ఏడున్నయో చూసి మార్చుండ్రి. మార్చినంక సేవ్ చేసి ఆ ఫైలు మళ్ల నెట్ల ఎక్కియ్యాలె. సేవ్ చేసేకాడ యూనికోడ్ అని పెట్టుడు మాత్రం మరువకుండ్రి.” బాపు నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆ దారాలు నేర్చుకున్నాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, కుర్చీలో నిటారుగా కూర్చొని, పేజీ తెరిచి, సోర్స్ నొక్కి, నోట్‌ప్యాడ్‌లో ఆ గజిబిజి గుర్తుల మధ్య తన తెలుగు వాక్యాలు వెతుక్కునేవాడు. ఒక్కొక్క అక్షరం ఒక వేలితో కొట్టేవాడు. పక్కన అమ్మ పెట్టిన చాయ మీద మీగడ కట్టేది.

పేజీకి జనం వచ్చారు. రషీద్ తన సెంటర్‌లో ప్రతి సిస్టంలోనూ ముందు అదే తెరుచుకునేట్టు పెట్టాడు. “పరీక్ష ఫీజు కట్టనీకి వచ్చినా సరే, ముందుగాల వాగు చూసి పోవాలె” అనేవాడు. పేపరు విలేకరి ఒకాయన దాన్ని చూసి రాశాడు. కొన్నాళ్లు లారీలు ఆగాయి. ఎవరు రాస్తున్నారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పుకున్నారు. టీచరని కొందరు, హైదరాబాదులో చదివే పిల్లలని కొందరు. పల్లీలు అమ్మడానికి వచ్చిన రైతులు సేటు దుకాణంలో ఆ ముచ్చట పెట్టుకుంటుంటే బాపు తల ఎత్తకుండా లెక్కలు రాసేవాడట. లారీలు ఆగిన ఆ కొన్నాళ్లు నాకు సంతోషంగా ఉండాల్సింది. కాని ఆ నిశ్శబ్దంలో ఎవరో కూర్చొని ఆలోచిస్తున్నారని అనిపించేది.

ఒక రోజు బాపు తొందరలో ఆ యూనికోడ్ సంగతి మరిచిపోయి సేవ్ చేశాడు. పేజీలో తెలుగంతా పోయి ప్రశ్నార్థకాలు మిగిలాయి. పైనుంచి కిందిదాకా వరుసలు వరుసలుగా ప్రశ్నార్థకాలు, మధ్యలో లారీల బొమ్మలు. అది సరిచేసేలోపే ఊరంతా చూసింది. రాఘవ చిన్నాయిన మనుషులు హోటల్లో కూర్చొని, “వాగుల ఇసుక మేము తీసినం, గీ పేజీల అక్షరాలు ఎవడు తీసిండ్రా?” అని నవ్వారని రషీద్ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. బాపు నవ్వులాటను ఓర్చుకునే మనిషి కాదు. దెబ్బకైనా నిలబడతాడు కాని నవ్వుకు నిలబడలేడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సెట్టింగుల్లో, సోర్స్ దేంట్లో తెరుచుకోవాలో అడిగే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో నోట్‌ప్యాడ్ తీసేసి, నేను కాలేజీ పనులకు వాడే వర్డ్ పెట్టాడు. మళ్లీ సోర్స్ నొక్కితే ట్యాగులు లేవు, గజిబిజి లేదు. కాగితం మీద రాసినట్టు ఆయన తెలుగు, పెద్ద పెద్ద అక్షరాల్లో. “చూడు బిడ్డా, ఇగ ఖరాబయ్యే పని లేదు” అన్నాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి అమ్మ కూడా వచ్చి నిలబడి చూసింది. అందరం చూశాం. తెర మీద ఉన్న కాగితం మాత్రమే చూశాం.

వర్డ్ ఒక పేజీని సేవ్ చేసేటప్పుడు, రాసినవాళ్ల పేరు అడగకుండానే దాని వెనక రాసిపెడుతుంది. ముందు నుంచి చూస్తే కనబడదు. ఆ సంగతి అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దానికి ఆ పేరు ఎక్కడి నుంచి వస్తుందంటే, మొదటి రోజు మెకానిక్ కొట్టిన చోటు నుంచి వస్తుంది. ఆ తర్వాత బాపు ఎన్నిసార్లు పేజీ మార్చాడో అన్నిసార్లు ఆయన పూర్తి పేరు, బిరుదు, ఊరు ఆ పేజీ వెనక చెక్కబడుతూ వచ్చాయి.

వాళ్లు ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. భోజనాలయ్యాయి, అమ్మ గిన్నెలు తోముతోంది. సందులోకి పెద్ద కారు పట్టక మలుపు దగ్గరే ఆపి, రాఘవ చిన్నాయిన, ఆయన కొడుకు శ్రీకర్ నడుచుకుంటూ వచ్చారు. చేతిలో పండ్ల సంచి. మా కిరాయి ఇంటికి ఆయన రావడం అదే మొదలు. అవ్వ కాళ్లకు దండం పెట్టి, “మంచిగున్నవా పెద్దమ్మా?” అన్నాడు. అవ్వ, “నువ్వొచ్చినంక చూసుకోవాలె” అంది. ఆయన గట్టిగా నవ్వి, కింద చాప మీద కూర్చొని హాయిగా గోడకు వీపు ఆనించాడు. చాయ అడిగి మరీ తాగాడు. వానల గురించి, మా చదువుల గురించి, చచ్చిపోయిన బంధువుల గురించి మాట్లాడాడు. వాగు మాట ఎత్తలేదు.

గ్లాసు కింద పెట్టి అప్పుడన్నాడు. “అన్నా, వాగు మీద ఒక పేజీ ఉన్నదట. చూసినవా?”

“చూసిన” అన్నాడు బాపు.

“ఎవడో మంచిగ రాస్తున్నడు. చదువుతుంటే నాకే ఏడుపొస్తది. ఒకసారి చూద్దమా? మీ ఇంట్ల కంప్యూటర్ ఉన్నదాయె. శ్రీకరూ, పెద్దబాపుకు చూపియ్యి.”

శ్రీకర్ హైదరాబాదులో ఇంజనీరింగ్ చేస్తున్నాడు. నాకంటే ఏడాది చిన్న. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకే కంచంలో అవ్వ కలిపి పెట్టేది. వాడు నా వైపు చూడలేదు. “జర జరుగు పెద్దబాపు” అని మర్యాదగా చెప్పి కుర్చీలో కూర్చొని పేజీ తెరిచాడు. సోర్స్ నొక్కాడు. వర్డ్ తెరుచుకుంది, తెల్ల కాగితం మీద బాపు వాక్యాలు. “గిదే, నేను చెప్పిన గదా నాయినా” అన్నాడు వాడు వాళ్ల నాయిన వైపు తిరిగి. “వీళ్ల దాంట్ల కనబడది. గందుకే వీళ్లకు తెల్వది.” తర్వాత సెట్టింగుల్లోకి పోయాడు. ఆ చిన్న పెట్టెను తెరిచాడు. వర్డ్ తీసేసి నోట్‌ప్యాడ్ పెట్టాడు. తొందర లేకుండా, మాకు అర్థం కావాలన్నట్టు, ఒక్కొక్కటి ఆగి ఆగి నొక్కాడు. మా ఇంట్లో, మా కుర్చీలో కూర్చొని, మా కంప్యూటర్ మాకు ఏది చూపించాలో వాడు మార్చాడు. ఎవరూ ఆపలేదు. వంటింటి గడపలో అమ్మ చేతులకు బూడిద ఆరిపోతోంది. మళ్లీ సోర్స్ నొక్కాడు. ఈసారి తెల్లటి నోట్‌ప్యాడ్, నల్లటి గుర్తుల వరుసలు. పైన, మొదట్లోనే, ఆథర్ అని రాసి ఉన్నచోట, అవ్వ మంచం మీద నుంచి చెప్పిన పేరు పూర్తిగా ఉంది.

“బిరుదు కూడ మరువలేదు అన్నా” అన్నాడు రాఘవ చిన్నాయిన. “నేను సుత గంత పొడుగు రాసుకుంట లేను.”

బాపు ఆ పేరును మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత, “ఇప్పుడేం కావాలె నీకు?” అన్నాడు.

“నాకేం వద్దు. తీసెయ్యమంట లేను. ఎవలో పరాయోడు అనుకొని మస్తు వెతికినం, మా పిలగాండ్లు వాళ్లనూ వీళ్లనూ అడిగిన్రు, పాపం. మనోడే అని తెలిసింది, మనసు నిమ్మళమైంది. తాతల కాలంల ఆ వాగు మనదే గదా అన్నా. ఎవని పొలం ముందు తడవాల్నో మన గడి చెప్తే వినేటోళ్లు. మన ఇసుక మనం అమ్ముకుంటె దొంగతనమెట్లయితది?”

“అప్పుడు మనదన్నది కూడ దొంగతనమే” అన్నాడు బాపు.

ఆ మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. అవ్వ మంచం మీద కదిలింది. బాపును కసురుతుందనుకున్నాను. కసరలేదు. రాఘవ చిన్నాయిన లేచి చొక్కా దులుపుకొని, “స్కూటర్ మీద పొద్దుగాల పొద్దుగాల తిరుగుతున్నవట అన్నా. మంచుల లారీలోళ్లకు మనిషి కనబడడు. పైలం” అన్నాడు. అవ్వ కాళ్లకు మళ్లీ దండం పెట్టాడు. పండ్ల సంచి అక్కడే ఉండిపోయింది. సాయంత్రం అవ్వ దాన్ని వీధి బర్రెకు పెట్టించింది.

మరునాడు పొద్దున బాపు రోజూలాగే స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోర్స్ నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. వెనక ఉన్న ఆ పేరు తీసేస్తాడని, పేజీ మొత్తమే తీసేస్తాడేమోనని అమ్మా నేనూ ఎదురుచూస్తూ వెనక నిలబడ్డాం. ఆయన వెనకది ముట్టుకోలేదు. కిందికి పోయి, అందరికీ కనబడే చోట, తన వాక్యాల చివర తెలుగులో పేరు కొట్టాడు. బిరుదు లేకుండా. రంగారావు, అంతే. అమ్మ కుర్చీ పక్కకు వచ్చింది. “ఒక్క పేరే ఉంటే ఒక్కరే దొరుకుతరు. నా పేరు కూడ పెట్టుండ్రి” అంది. బాపు ఆమె వైపు తిరిగి చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అమ్మను పేరుతో పిలవగా నేను వినలేదు. ఆ రోజు ఆ పేరు కొట్టాడు. యూనికోడ్ పెట్టి సేవ్ చేశాడు.

ఆ వారంలోనే సేటు, “కొన్నాళ్లు రాకు రంగారావ్, నా దుకాణం కూడ ఎండు పొట్టే గదా, అగ్గి పడితే ఆగదు” అన్నాడు. తన బావి ఫోటో పేజీలో ఉన్న ఒక రైతు ఇంటికొచ్చి దండం పెట్టి, అది తీసెయ్యమని బతిమాలాడు. బాపు వెంటనే తీసేశాడు. రషీద్ తన సెంటర్‌లో ముందు తెరుచుకునే పేజీ మార్చేశాడు. ఆ సంగతి తనే వచ్చి చెప్పి, తల వంచుకొని కూర్చున్నాడు. “పిల్లలున్నరు సాబ్” అన్నాడు. బాపు వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాత ఒక పొద్దున అవ్వ చాన్పి చల్లుదామని తలుపు తీయబోతే తలుపు తెరుచుకోలేదు. బయటి నుంచి ఏదో నెడుతున్నట్టుంది. వెనక వైపు నుంచి పోయి చూస్తే వాకిలి లేదు. గడప మీది నుంచి కిటికీ సగం దాకా తడి ఇసుక కుప్ప. లారీ పట్టని సందులోకి ట్రాక్టర్లతో తోలి పోసి ఉంటారు. ఆ చప్పుడు మాకు నిద్రలో బస్టాండు చప్పుళ్లలో కలిసిపోయింది, చుట్టుపక్కల వాళ్లూ వినలేదన్నారు. దాంట్లోంచి నీళ్లు కారి సందులో పారుతున్నాయి. చల్లటి, బురద కలిసిన వాగు వాసన. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. ఆ రోజు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

బాపు దాన్ని ఫోటో తీసి పేజీలో పెట్టాడు. తర్వాత ఇంటి యజమాని, “మంచి ఇసుక సార్, ఊకెనే వచ్చింది, నాకియ్యుండ్రి” అన్నాడు. “మాది కాదు, ఇయ్యనీకి” అన్నాడు బాపు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఒక సంచి ఇసుక నింపి, స్కూటర్ ముందర కాళ్ల మధ్య పెట్టుకొని, ఊరికి పోయి వాగులో పోసి వచ్చేవాడు. జనం పిచ్చి అన్నారు. అవ్వ మాత్రం సంచి మూతి తనే కట్టేది. అమ్మ అన్నం వండుతున్నా, బట్టలు పిండుతున్నా, చెవి హైవే వైపే ఉండేది. స్కూటర్ చప్పుడు సందు మలుపులో వినబడే దాకా ఇంట్లో ఎవరం కుదురుగా మాట్లాడేవాళ్లం కాదు. ఎవరైనా తలుపు కొడితే అమ్మ ముఖం పాలిపోయేది. నేను కాలేజీ బస్సులో పోతూ కిటికీలోంచి ప్రతి ఇసుక లారీ చక్రాల వైపు చూసేదాన్ని. ఆపమని అమ్మ ఒక్కసారి అంది. “కుప్ప అయిపోతే ఆపుత” అన్నాడు.

కుప్ప సగానికి వచ్చింది. ఆ పొద్దున స్కూటర్ చప్పుడు బదులు రషీద్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మట్టిబాట హైవేలో కలిసే చోట బాపు స్కూటర్‌ను వెనక నుంచి లారీ తాకింది. సంచి పగిలి రోడ్డు నిండా ఇసుక పరుచుకుంటే, దాని మీద జారిపడ్డాడని ముందు అనుకున్నారని చెప్పాడు. లారీ నెంబరు ఎవరూ చూడలేదు. పాలమూరు దవాఖానలో బాపు నడుము కింద ఏమీ తెలియకుండా పడుకొని ఉంటే రాఘవ చిన్నాయిన కొబ్బరి నీళ్లు పట్టుకొని వచ్చాడు. మంచం పక్కన కూర్చొని బాపు చెయ్యి పట్టుకొని, “రోడ్లు మంచిగ లేవు అన్నా. నేను ముందే చెప్పిన” అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకున్నాడు. అవి నిజం కన్నీళ్లే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, అదే నాకు ఎక్కువ భయం.

బాపు ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు, మంచం మీదే. మేము హుజూర్‌నగర్ దగ్గర అమ్మ పుట్టింటి వాళ్ల ఊరికి చేరాం. అవ్వ అక్కడే పోయింది. మిగిలిన ఇసుకతో ఇంటి యజమాని వెనక ఇంకో గది కట్టి కిరాయికిచ్చాడని విన్నాను. ఇప్పుడు మా వాగులో ఇసుక లేదు, అడుగు బండ తేలింది. లారీలు వేరే వాగులకు పోతున్నాయి. నా దగ్గర చదివే పిల్లలు ఏ చిన్న ముక్క రాసినా ముందు పేరు, ముఖం, ఊరు పెట్టి తర్వాత మాట రాస్తారు. దాచుకోవడం ఏమిటో వాళ్లకు తెలియదు, బయటపడటం ఏమిటో కూడా తెలియదు. వాళ్లను చూస్తే నాకు ఈర్ష్యగానూ ఉంటుంది, గుండె దడగానూ ఉంటుంది.

బాపు దవాఖానలో ఉన్నప్పుడే, మధ్యాహ్నం బట్టలు తీసుకుపోవడానికి కొత్తకోట ఇంటికి వచ్చాను. ఇల్లు ఖాళీగా ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి పేజీ తెరిచాను. సోర్స్ నొక్కితే శ్రీకర్ పెట్టిపోయిన నోట్‌ప్యాడే తెరుచుకుంది. ఏం జరిగిందో రాశాను. ఎక్కడ, ఎట్లా, సంచిలో ఏముంది. అంతే రాశాను, ఎవరినీ అనలేదు. చివర బాపు పేరు, అమ్మ పేరు ఉన్నాయి. వాటి కింద నా పేరు కొట్టాను. సేవ్ చేసి, పేజీ మారిందో లేదో చూసి, బట్టల సంచి సర్దుకుంటుంటే బాపు ఫోన్ మోగింది. ఆ ఫోన్ అప్పుడు నా దగ్గరే ఉండేది. తెలియని నెంబరు.

“కింద కొత్త పేరొకటి వచ్చింది. ఎవలది?” అంది ఒక గొంతు. వయసైన గొంతు కాదు, కుర్రగొంతు కాదు.

“నాది” అన్నాను.

“రంగారావు బిడ్డవా?”

“బిడ్డనే.”

ఫోన్ పెట్టేశారు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో నాకు ఏమీ కాలేదు. పేజీ ఉన్న ఆ జాగా మూతపడినా నా పేరు మాత్రం వాళ్లకు గుర్తుంటుంది. ఎప్పుడు ఏ పని మీద బయటికి పోయినా, ఇంకా ఏమీ కాలేదు అనే అనుకుంటూ పోతాను.